వేడిమీద మొరాయించు పాత పెట్రోలు కారు

ఎద్దు నడిదారిలో మొరాయించినయెడల మన రైతు వెంటనే ములుకోల నెత్తడు. గిట్టలో ముల్లు దిగినదేమో చూచును. కాడిక్రింద మెడ వాచినదేమో తడవి చూచును. నీరు త్రాగి యెంతసేపైనదని యడుగును. ఆ రైతే తన పాత అంబాసిడరు కారు ఎండపూట మొరాయించినప్పుడు మాత్రము ఏమియు చూడక అంగడికి పోయి క్రొత్త కాయిలు కొనుచున్నాడు. ఈ వ్యత్యాసము మాకు చాలకాలమునుండి ఆశ్చర్యము కలిగించుచున్నది. గత వేసవిలో కన్నులార చూచిన యొక సంఘటనకు పిమ్మట ఈ విషయమును సభ్యులకు విశదముగా వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి.

వ్యవసాయపత్రికలో కార్లగొడవ యేల యని కొందరడుగవచ్చును. మన పల్లెలలో పాత పెట్రోలు అంబాసిడరులు, జీపులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. తండ్రి కొన్న బండియని యభిమానముతో ఉంచుకొన్నవారు కొందరు, అగ్గువకు దొరికినదని కొన్నవారు కొందరు. పెండ్లికి, ఆసుపత్రికి, సంతకు ఆ బండియే పోవుచున్నది. అంబాసిడరును పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సువారు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మాదిరిని 1957 మొదలుకొని తయారుచేసి 2014లో నిలిపివేసిరి. దానిని నాడిపట్టి చూడగల పాత మేస్త్రీలు సంవత్సరమునకు సంవత్సరము తగ్గుచున్నారు. కావున బండి గలవాడే కొంత వైద్యము నేర్చుకొనక తప్పదు. డీజిలు అంబాసిడరులు గలవారికి ఈ వ్యాసము వర్తింపదు. వాని యింజనులో నిప్పురవ్వయు లేదు, రవ్వనిచ్చు ప్లగ్గును లేదు.

ఇక ఆ సంఘటన. కాణిపాకములో ఒక పెండ్లి చూచుకొని, మన సంఘ సభ్యుడొకరి పెట్రోలు అంబాసిడరులో మేము పలమనేరు వైపు పోవుచుంటిమి. మే నెల, మధ్యాహ్నము రెండు గంటలు. బండిలో పెద్దవారు నలుగురు, ఒక నిండుచూలాలు, వెనుక పెట్టెలో రెండు బస్తాల సామాను. మొగిలి ఘాటు ఎక్కునంతసేపును ఇంజను చక్కగనే లాగినది. పైకి వచ్చిన పిమ్మట ఒక టీ అంగడివద్ద కాలుగంట నిలిచితిమి. మరల కూర్చుండి తాళము త్రిప్పగా సెల్ఫు గిరగిర తిరిగినదేకాని యింజను అందుకొనలేదు. పదిసార్లు త్రిప్పిరి. పెట్రోలు వాసన గుప్పుమన్నది. అంతట బండిలోని యువకుడొకడు ఎయిరు క్లీనరు విప్పి, సీసాలోని పెట్రోలును కార్బురేటరు నోటిలో వంచి, “తిప్పు మామా!” యని కేకవేసెను. త్రిప్పగనే కార్బురేటరునుండి మంట వెనుకకు తన్నినది. ఆ పిల్లవాని చేతి వెండ్రుకలు, చొక్కా అంచు కాలినవి. అంగడివాడు తడిగోనె తెచ్చి కప్పినందున అంతటితో ఆగినది. ఆ నిండుచూలాలిని దింపి చెట్టునీడను కూర్చుండబెట్టితిమి. గంటసేపు గడచిన పిమ్మట అదే బండి ఒక్క త్రిప్పునకే స్టార్టయినది.

“ఇప్పటికి మూడు కాయిళ్లు మార్చినా సారూ, ఇంకా ఇదే పాట పాడతా ఉండాది” అని యజమాని మొరపెట్టుకొనెను. షెడ్డుకు తోలుకొనిపోవునప్పటికి బండి చల్లబడి బుద్ధిగా నడచునట; మేస్త్రి చూచి, ఏమియు కనబడక, ఏదో యొక సామాను మార్చి పంపునట. మేస్త్రిని నిందించుటకు వీలులేదు. మాపటివేళ వచ్చు జ్వరమును ప్రొద్దున చూపినయెడల వైద్యుడేమి చేయగలడు? ఈ రోగము వేడిలోనే కనబడును, చల్లబడగనే దాగును. కావున పరీక్ష యేదైనను బండి మొరాయించిన ఆ పదినిమిషములలో, ఆ చోటనే, యజమానియే చేసికొనవలెను. అందుకు కావలసినవి: ఒక ప్లగ్గు పానా, పనిచేయు పాత ప్లగ్గు ఒకటి, రెండు తీగెలు కట్టిన 12 వోల్టుల బల్బు ఒకటి, ఒక చిన్న అగ్నిమాపక డబ్బా. ఈ నాలుగును కలిపినను ఒక కాయిలు వెల యంత కావేమో యని మా తలపు.

మొదట నిలిపిన బండిలో ఏమి జరుగునో తెలిసికొనవలెను. బెల్లము వండువారికి ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. పాకము వచ్చినదని పొయ్యిలోని మంట లాగివేసి పెనమును పొయ్యిమీదనే ఉంచినయెడల ఏమగును? పొయ్యిగోడల వేడికి పాకము ముదిరిపోవును. అందుకే పెనమును దించుదురు. ఇంజనును దించుటకు వీలులేదు. అది నడచుచున్నంతసేపు నీరు తిరుగును, ఫ్యాను గాలి విసరును, ట్యాంకులోని చల్లని పెట్రోలు వచ్చుచుండును. తాళము తీయగనే ఈ మూడును ఒక్కసారి నిలిచిపోవును. ఎఱ్ఱగా కాగియున్న ఎక్జాస్టు మానిఫోల్డు వేడి మాత్రము నిలువదు. బానెట్టుక్రింద చిక్కుకొని పైకెగయును. కావున బండి నిలిపిన తరువాత పది, ఇరువది నిమిషములవరకు కార్బురేటరు, పెట్రోలు పంపు నడకలో ఉన్నప్పటికంటె ఎక్కువగా కాగును. దీనిని మేము నిలువవేడి యని పిలుచుచున్నాము. నిలిపిన రెండు నిమిషములకు త్రిప్పిన స్టార్టగును, గంటకు త్రిప్పినను స్టార్టగును, నడుమ కాలుగంట, అరగంటకు త్రిప్పిన కాదు — ఇట్టి నడవడి కనబడినయెడల దోషము పెట్రోలు వైపుననే యున్నదని చాలవరకు నమ్మవచ్చును.

మేము మిషను బడిలో చదువుకొనునప్పుడు సైన్సు ఉపాధ్యాయుడు మా అరచేతులపై తలా ఒక బొట్టు పెట్రోలు వేసి, అది చల్లగా మాయమగుట చూపెను. నీరు 100 డిగ్రీలకు మరుగును. పెట్రోలు ఒకే ద్రవము కాదు, అనేక ద్రవముల కలగలుపు. అందులోని తేలికభాగములు సుమారు 35, 40 డిగ్రీల వేడికే ఆవిరి కానారంభించును; బరువుభాగములకు 200 డిగ్రీల వఱకు వేడి కావలెను. మన మేనెల గాలియే 40 డిగ్రీలు దాటుచుండగా, బానెట్టుక్రింద పెట్రోలు గతి యేమగునో ఊహించుకొనవచ్చును. దానికితోడు అంబాసిడరు పెట్రోలు ఇంజనులో పెట్రోలుగాలి లోనికి పోవు దారియు, పొగ బయటికి వచ్చు దారియు ఒకే ప్రక్కనున్నవి. కార్బురేటరు మానిఫోల్డునకు చేరువగా, పొయ్యిమీది కుండవలె కూర్చున్నది. ఇంగ్లండు చలిదేశమునకు ఆ యమరిక మేలే. మన ఎండకు కాదు.

ఈ వేడివలన రెండు వేరువేరు రోగములు పుట్టును. మొదటిది, పంపులోగాని సన్నగొట్టములోగాని పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టుట. పంపు ద్రవమును తోయగలదు. ఆవిరిని నొక్కినంత నొక్కి మరల వదలును. కార్బురేటరునకు పెట్రోలు అందదు. రెండవది ఇందుకు నేరుగా విరుద్ధము: ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు పాలవలె పొంగి జెట్టుగుండ ఇంజనులోనికి పొర్లుట. మేస్త్రీలు దీనిని ఓవర్‌ఫ్లో అందురు. ఒకదానిలో ఇంజను దప్పితో నుండును, ఇంకొకదానిలో మునిగియుండును. మునిగినవానికి నీళ్లు పోసినట్లు, ఆ యువకుడు పొర్లిన యింజనులో మరికొంత పెట్రోలు పోసెను. అందువలననే దోషము తెలియకముందు ఏ మందును వేయరాదు.

పరీక్షను సెల్ఫునుండి ప్రారంభింపవలెను. చల్లని యింజనును త్రిప్పునంత వేగముగ వేడి యింజనును త్రిప్పుచున్నదా? చెవియొగ్గి వినుడు. వేగముగనే తిరుగుచున్నయెడల బ్యాటరీని, సెల్ఫును వదలి ముందునకు పొండు. మెల్లగా మూలుగుచున్నయెడల పెట్రోలు జోలికే పోవలదు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫు త్రిప్పి చూడుడు. లైట్లు ఆరినట్లు మసకబారినయెడల బ్యాటరీ బలహీనమో, దాని చెవులకు తుప్పు పట్టినదో, సెల్ఫే లోపల పట్టి అధికముగా కరెంటు లాగుచున్నదో యగును. లైట్లు మసకబారక వెలుగుచుండగా సెల్ఫు తిరుగనియెడల కరెంటు దానివరకు పోవుటలేదు. నలుగురు కలసి బండిని త్రోయగా వెంటనే స్టార్టయినదా, ఇక సందేహము లేదు: రవ్వయు పెట్రోలును సరిగనే ఉన్నవి, దోషము సెల్ఫు దారిలో నున్నది.

ఇచ్చట ఎక్కువమంది ఎఱుగని సంగతి యొకటి. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును; రబ్బరు కరెంటును పోనియ్యదు. కావున ఇంజనునుండి బాడీకి రాగి జడపట్టీ యొకటి బిగించియుందురు. సెల్ఫునకు పోయిన కరెంటు ఆ పట్టీగుండ తిరిగి రావలెను. ఆ పట్టీ తుప్పుపట్టినయెడల కరెంటు దొంగదారి వెదకుకొని చోకు తీగెగుండ, ఎక్సిలేటరు తీగెగుండ వచ్చును. సెల్ఫు త్రిప్పిన పిమ్మట చోకు తీగెను తాకి చూడుడు. అది వెచ్చబడినయెడల దొంగ దొరికినట్లే. ఆ పట్టీని విప్పి, ఇరుకొనలను గరుకుకాగితముతో రుద్ది బిగించుటకు ఖర్చేమున్నది? పట్టీ యొక్క దోషమునకు సెల్ఫును విప్పించి వైండింగు కట్టించినవారిని మేమెఱుగుదుము.

సెల్ఫు తిరుగుచు తిరుగుచు వెనుకకు తన్ని నిలుచుచున్నయెడల టైమింగు ముందునకు జరిగియుండవచ్చును. అది మేస్త్రి పని.

రెండవది నిప్పురవ్వ. దీనిని చూచుటకు ముందు కార్బురేటరు చుట్టును వాసన చూచి, పెట్రోలు కారుచున్నయెడల ఆ పరీక్ష మానుకొనవలెను. కారినది ఆరిపోయిన పిమ్మటనే చేయవలెను. ఒక ప్లగ్గు తీగెను లాగి, దానికి మీరు తెచ్చిన పాత ప్లగ్గును తగిలించి, దాని యినుపభాగము ఇంజను ఇనుమునకు ఆనునట్లు కార్బురేటరునకు దూరముగా ఉంచవలెను. చేతితో పట్టుకొనరాదు. ఇంకొకరు సెల్ఫు త్రిప్పగా, టక్కుటక్కుమని నీలిరంగు రవ్వ పడినయెడల కాయిలు నిర్దోషి. దానిని మార్చవలదు. పసుపుపచ్చగా, సన్నగా, పడియు పడనట్లుండినయెడల రవ్వ వైపు అనుమానింపవలసినదే.

రవ్వ బొత్తుగా లేనియెడల బల్బును బయటికి తీయవలెను. కాయిలునుండి డిస్ట్రిబ్యూటరునకు సన్నతీగె పోవు బోల్టువద్ద బల్బు తీగె యొకటి తాకించి, రెండవదానిని ఇంజను ఇనుమునకు తాకించి, సెల్ఫు త్రిప్పవలెను. బల్బు మిణుకుమిణుకుమని వెలుగుచు ఆరుచున్నయెడల పాయింట్లు తెరచి మూయుచున్నవి. అప్పుడు కండెన్సరునో, కాయిలు లోపలి సన్నచుట్టునో శంకింపవలెను. ఎంత త్రిప్పినను వెలుగనేలేదా, తాళమునుండి కరెంటు రాకపోవుటయో, కాయిలు తెగుటయో, పాయింట్లు మూసికొనిపోవుటయో, కండెన్సరు షార్టగుటయో కారణము. ఆరక వెలుగుచునే యున్నయెడల పాయింట్లు కలియుటలేదు. అంబాసిడరునకు పాయింట్ల సందు అంగుళములో వేయింట 14 మొదలు 16 పాళ్ళు, ప్లగ్గు సందు వేయింట 25 పాళ్ళు ఉండవలెను. గేజి బిళ్లలు కొనుక్కొని మీరే చూచుకొనవచ్చును. కంటిచూపున “సరిగానే ఉంది” అనుట చాలదు.

కాయిలును గూర్చి న్యాయముగా చెప్పవలెనన్న, అది యెన్నడును చెడదని మేమనము. కాయిలు రాగితీగె చుట్ట. రాగి వేడెక్కినకొలది కరెంటును అడ్డగించును. ప్రతి పది డిగ్రీలకు ఆ యడ్డగింత నూటికి సుమారు నాలుగు పాళ్ళు హెచ్చును. ముప్పది డిగ్రీలనుండి తొంబది డిగ్రీలకు పోయినయెడల సుమారు నూటికి 24 పాళ్ళు హెచ్చి, రవ్వ బలహీనపడును. లోపల పూత చెడిన కాయిలు ఇట్టి వేడిలోనే చచ్చును. కాని అట్టి కాయిలు నిలిపినప్పుడు మాత్రమేగాక నడకలోను తొట్రుపడును. ఘాటు ఎక్కుచుండగనే దగ్గును, ఒక్కొక్కప్పుడు దారిలోనే ఆగిపోవును. ఘాటంతయు నిక్షేపముగా ఎక్కి, టీ త్రాగివచ్చిన తరువాత మాత్రమే మొరాయించు బండికి కాయిలు దోషమగుట అరుదు. కాయిళ్లను చంపునది మన యలవాటే యని కూడ చెప్పవలసియున్నది. ఇంజను ఆపి తాళమును మాత్రము తీయక, లోపల పాటలు వినుచు కూర్చుండువారు కలరు. పాయింట్లు మూసియున్న స్థితిలో ఇంజను నిలిచినయెడల కాయిలుగుండ నాలుగు ఆంపియరుల కరెంటు ఊరక ప్రవహించుచు దానిని కాల్చుచుండును.

రవ్వ బాగుగనున్నది, సెల్ఫు బాగుగనున్నది. ఇక మిగిలినది పెట్రోలు. ఇంజనునుండి ఒక ప్లగ్గును గుడ్డతో పట్టి విప్పి చూడుడు. దాని కొన తడిసి పెట్రోలు వాసన కొట్టుచున్నయెడల పొర్లుట. పొడిగా నుండి వాసనయే లేనియెడల దప్పి. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము లేదు.

పొర్లిన యింజనునకు చేయవలసినది మిక్కిలి సులభము, మనవారు చేయునది మాత్రము దానికి వ్యతిరేకము. చోకు పూర్తిగా లోనికి త్రోసివేయవలెను. ఎక్సిలేటరును నేలకంటునట్లు ఒక్కసారి త్రొక్కి, అట్లే పట్టియుంచి, సెల్ఫును ఎనిమిది పది సెకండ్లు త్రిప్పవలెను. గాలితలుపు పూర్తిగా తెరచుకొని, ఎక్కువైన పెట్రోలును గాలి ఊడ్చుకొనిపోవును. అందుకొనగనే కాలు మెల్లగా తీయవలెను. నీరు తోడునట్లు కాలితో మాటిమాటికి త్రొక్కరాదు. పాత అంబాసిడరులలోని ఎస్.యు. కార్బురేటరులో త్రొక్కినప్పుడెల్ల పెట్రోలు చిమ్ము పంపు లేదు, త్రొక్కుట వృథా. అట్టి పంపుగల ఇతర కార్బురేటరులలో త్రొక్కిన ప్రతిసారియు మరియొక గుక్కెడు పోసినట్లగును. అప్పుడది వృథా మాత్రమే కాదు, హాని. మొదటి ప్రయత్నమున స్టార్టు కానిచో ఒక నిమిషము సెల్ఫునకు విశ్రాంతి నిచ్చి మరల ప్రయత్నింపుడు. మన మందులు చల్లు పెట్రోలు స్ప్రేయరులకును ఇదే రోగము కలదు, వానికిని ఇదే మందు.

పొర్లుట ఒకసారి జరిగిన ఎండయనుకొనవచ్చును. ప్రతిదినము జరిగినయెడల కారణము వెదకవలెను. ఫ్లోటు గిన్నెలో పెట్రోలు రాకను ఆపునది సూదివంటి చిన్న తలుపు. అది అరిగినయెడలగాని, దానిక్రింద నలుసు చిక్కినయెడలగాని, గిన్నెమట్టము పెరిగి కొంచెము వేడికే పొర్లును. ఫ్లోటుకు చిల్లిపడి పెట్రోలు నిండినను ఇంతే. కార్బురేటరునకును మానిఫోల్డునకును నడుమ వేడిని అడ్డగించు దళసరి ప్యాకింగు దిమ్మెయు, రేకుతడికెయు ఉండవలెను. రిపేరు చేసినవారు ఆ రేకును “అడ్డముగానున్నది” అని విసరివేసి, ఆ దిమ్మెకు బదులు కాగితపు ప్యాకింగు వేసి బిగించిన బండ్లను మేము పలుచోట్ల చూచితిమి. పొయ్యికిని కుండకును నడుమనున్న గోడను పడగొట్టి, కుండ పొంగుచున్నదని ఏడ్చినట్లున్నది.

దప్పికి మందు చల్లదనము. బానెట్టు ఎత్తి, నీడలో నిలిపి, పెట్రోలు పంపుపైన, దానినుండి పోవు గొట్టముపైన తడిగుడ్డ చుట్టవలెను. పాత డ్రైవరులు చేయు ఈ పని మూఢాచారము కాదు. క్రొత్తకుండలోని నీరు చల్లబడు న్యాయమే యిది. ఆరుచున్న తడి, వేడిని తనతో గొనిపోవును. అయితే గుడ్డ చాలును, చెంబుతో నీళ్లు కుమ్మరింపరాదు. కాగిన మానిఫోల్డుపై చన్నీరు పడినయెడల అది పగులును. మేస్త్రీలు ఏ.సి. పంపు అని పిలుచు పంపునకు చేతిమీట యున్నయెడల దానిని పలుమారులు నొక్కి బుడగలను తోసి కార్బురేటరును నింపవచ్చును. ఇల్లు చేరిన పిమ్మట గొట్టము మానిఫోల్డునకు ఆనుకొని పోవుచున్నదా చూచి దూరముగా మలపవలెను. పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రము మూసికొనియున్నను ఇదేవిధమైన దప్పి కలుగును. మూత త్రిప్పగనే బుస్సుమని గాలి లోనికి పోయినయెడల దోషమక్కడనే యున్నది.

ఈ మధ్య దప్పిరోగము హెచ్చినదని కొందరు చెప్పుచున్నారు. అందుకు పెట్రోలే కొంత కారణము కావచ్చును. చెరకు మడ్డినుండి, మొక్కజొన్న, నూకలనుండి తీయు ఇథనాలును పెట్రోలులో కలుపుట మన దేశమున క్రమముగా హెచ్చి, 2025 నాటికి నూటికి 20 పాళ్ళు కలిసిన పెట్రోలు దేశమంతట అమ్మకమునకు వచ్చినది. చెరకు, మొక్కజొన్న రైతులకు అది మంచివార్తయే; మేము దానికి ప్రతికూలురము కాము. కాని ఇథనాలు 78 డిగ్రీలకు మరుగును. పెట్రోలుతో కలిసినప్పుడు ఆ మిశ్రమములో బానెట్టుక్రిందివంటి నడివేడికే ఆవిరియగు భాగము హెచ్చును. పాతకాలపు రబ్బరు గొట్టములును, పంపులోని రబ్బరు పొరయు దానివలన ఉబ్బి మెత్తబడును. మన పొలమున పండినదే మన పాతకారును వేధించుట చిత్రమే! ఇథనాలునకు ఓర్చు రబ్బరుతో చేసిన గొట్టములు, పంపు కిట్లు ఇప్పుడు దొరకుచున్నవి, అడిగి కొనవలెను. ఉబ్బిన గొట్టమునుండి పెట్రోలు చెమర్చుచున్నయెడల ఆ దినమే మార్చవలెను, వేసవి పోనిమ్మని వాయిదా వేయరాదు.

సెల్ఫు, రవ్వ, పెట్రోలు మూడును సరిగనుండియు వేడిలో మాత్రము అందుకొననియెడల వాల్వుల సందు చూపించవలెను. వేడికి ఇనుము సాగును. సందు తక్కువగానున్న వాల్వు కాగినప్పుడు పూర్తిగా మూసికొనక కంప్రెషను కారిపోవును.

ఇంతవరకు మొరాయించు విధములు చెప్పితిమి. అసలు బండి అంత వేడెక్కుట యేల? కాల్చిన పెట్రోలు వేడిలో సుమారు నాలుగింట ఒక పాలు మాత్రమే చక్రమునకు బలమగును; తక్కినది నీటిలోనికి, పొగలోనికి పోవును. ఘాటు ఎక్కునప్పుడు చిన్నగేరులో ఇంజను ఎక్కువ కష్టపడును, బండి మెల్లగా పోవును, రేడియేటరునకు ఎదురుగాలి తగులదు. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లోను, నేడు పైకి పోవు రెండవ రోడ్డు 1974లోను ఏర్పడినవి. నడకదారినుండి మోటారుదారికి వచ్చిన నాటినుండి మన ప్రాంతపు బండ్లకు కొండ యెక్కుట ఒక పరీక్షయే. భాకరాపేట ఘాటైనను, మొగిలి ఘాటైనను అంతే. పైకి చేరగనే ఇంజను తటాలున ఆపక, రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి ఆపినయెడల నీరు, ఫ్యాను కొంత వేడిని గొనిపోయి నిలువవేడి తగ్గును. ఆపిన పిమ్మట బానెట్టు ఎత్తియుంచుట మరియు మంచిది.

కాని మన ప్రాంతమున అసలు శత్రువు బోరునీరు. ఆ నీటిని కాచిన గిన్నెకు అడుగున తెల్లని గార కట్టుట ప్రతి యిల్లాలును ఎఱిగినదే. ఆ నీటినే రేడియేటరులో పోయుచున్నాము. సన్నని గొట్టములలో, ఇంజను గోడలలో ఆ గార పేరుకొని వేడిని బయటికి పోనియ్యదు. గొట్టములు సగము పూడిపోవును. వాననీరుగాని, డిస్టిల్డు వాటరుగాని, దానితో కూలెంటు కలిపిగాని పోయవలెను. డ్రిప్పు గొట్టములకు పట్టిన గారను వదలించుటకు ఆసిడు పెట్టు మన రైతు, రేడియేటరును మరచుట వింతయే. అయితే ఆ ఆసిడునే ఇందులో పోయవలదు. రేడియేటరు పనివానిచేత గొట్టములు పొడిపించుట క్షేమము.

రేడియేటరు మూతయు అల్పము కాదు. అది ఒత్తిడిని నిలుపును. చదరపు అంగుళమునకు ఒక పౌను ఒత్తిడికి నీరు మరుగు వేడిమి సుమారు మూడు ఫారన్‌హీటు డిగ్రీలు పెరుగును. మూతమీద 7 అని ముద్రించియున్నయెడల ఇరువది డిగ్రీలకు పైగా లాభము. రబ్బరు చెడిన మూత ఈ లాభమును పోగొట్టును. అదే కారణమున వేడిమీద మూత తెరచినవాని ముఖము కాలును: ఒత్తిడి పోయిన క్షణమున లోపలి నీరంతయు ఒక్కుమ్మడిగా మరగి ఎగజిమ్మును. చేతితో తాకగలిగినంత చల్లబడువఱకు దానిని ముట్టరాదు.

పలమనేరు మిత్రుని బండి సంగతి ముగింపవలెను గదా. మరునాడు ఎండవేళ దానిని కావలెనని పది మైళ్ళు తోలి, ఆపి, కాలుగంట నిలిపి, పై క్రమమున చూచితిమి. సెల్ఫు వేగముగనే తిరిగినది. రవ్వ నీలిరంగున పడినది. ప్లగ్గు కొన తడిసియున్నది. కార్బురేటరు విప్పించగా ఫ్లోటు సూది మొన అరిగి గాడిపడియున్నది, రేకుతడికె లేదు, దిమ్మెకు బదులు కాగితపు ప్యాకింగు వేసియున్నది. సూదిని మార్పించి, పాతసామానుల యంగడిలో దిమ్మెను వెదకి తెచ్చి, నూనెడబ్బా రేకును కత్తిరించి తడికె చేయించితిమి. అన్నియు కలిపినను ఒక కాయిలు ఖరీదునకు తక్కువయే యైనది. ఆ మూడు పాత కాయిళ్లను అటకమీదనుండి దింపి ఒక్కొక్కటిగా తగిలించి చూడగా మూడును పనిచేయుచున్నవి. రెండింటిని ఆయన ఉంచుకొని, ఒకదానిని మాకు ఇచ్చెను. చేయి కాలిన ఆ పిల్లవాడు ఇప్పుడు బండిలో అగ్నిమాపక డబ్బాను తన సీటుక్రిందనే పెట్టుకొని తిరుగుచున్నాడు.